రేడియేటర్‌లో పసుపు

కారు నడుపుతున్నప్పుడు లింగమూర్తి ఒక కన్ను రోడ్డు మీద, ఇంకో కన్ను ఇంజన్ వేడి చూపించే ముల్లు మీద ఉంటుంది. స్టీరింగు వెనక, స్పీడు చూపించే పెద్ద గడియారం పక్కన, రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దదైన గడియారం ఒకటుంది. దాని అడుగున నీలం గీత, పైన ఎర్ర గీత, మధ్యలో ముల్లు. ఆ ముల్లు సగం దగ్గర నిలబడి ఉన్నంతసేపూ లింగమూర్తి అంత మంచివాడు ఆ రోడ్డు మీద ఇంకొకడు ఉండడు. ఆటోవాడు అడ్డం వచ్చినా నవ్వుతాడు. వెనక కూర్చున్న సాఫ్ట్‌వేర్ అమ్మాయి ఫోన్‌లో తన మేనేజర్‌ను తిడుతుంటే, ఆమెకు తిట్టడానికి వీలుగా పాటల సౌండు తగ్గిస్తాడు. ముల్లు సగం దాటిందా, ఆయన మాట తగ్గుతుంది. ఎర్ర గీత వైపు జరిగిందా, ఇంజన్‌కంటే ముందు ఆయనకే ఆవిర్లు వస్తాయి.

ఆయన పుట్టింది నల్లగండ్లలో, అక్కడ ఇంకా లిఫ్టులు లేని కాలంలో. కుర్రతనంలో ట్రాక్టరు నడిపాడు. పెళ్ళయ్యాక లారీ ఎక్కాడు. నడుము మొరాయించాక లారీ దిగి, ఓ తెల్ల కారు కొనుక్కుని, ఐటీ ఆఫీసుల వాళ్ళను పొద్దున దింపి సాయంత్రం ఎక్కించుకునే పనిలో పడ్డాడు. లింగంపల్లి స్టేషను వెనక వీధిలో, మేడ మీద రెండు వాటాలున్న ఇంట్లో ఒక వాటా ఆయనది. యాభై దాటాయి. జుట్టుకు రంగు వేస్తాడు గానీ మీసానికి వేయడు. ఎవరైనా అడిగితే, "మనిషన్నంక ఒక్కటన్న నిజం చెప్పాలె గద, మీసానికి ఇడిసిపెట్టిన" అంటాడు.

ఈ వేసవి మొదట్లోనే ఆయన కారు కింద తెల్లవారేసరికి చిన్న తడి మరక కనబడటం మొదలైంది. రేడియేటర్ కారుతోంది. ఇంజన్‌లో పుట్టిన వేడిని నీళ్ళు మోసుకొచ్చి రేడియేటర్ సన్న గొట్టాల్లో తిరిగి, ఎదురుగాలికి చల్లబడి మళ్ళీ ఇంజన్‌లోకి పోవాలి. ఆ గొట్టాల్లో ఒకచోట సూదిమొన అంత బెజ్జం పడింది. మెకానిక్ మధుసూదన్ మోకాళ్ళ మీద కూర్చుని చూసి తేల్చేశాడు.

"లింగన్నా, దీని పని అయిపోయింది. కొత్తది ఎయ్యాలె. బండి రెండు దినాలు నా దగ్గర ఇడిసిపెట్టు."

"రెండు దినాలు నేనేం జెయ్యాలె మరి?"

"ఇంట్ల ఉండు. వదినతోని ముచ్చట పెట్టు."

"నీకు పెళ్ళి గాలే, అందుకే గట్ల అంటున్నవ్" అని లింగమూర్తి నవ్వి, కారెక్కి వచ్చేశాడు. నిజానికి ఆయన భయం వేరు. షెడ్డులో వదిలిన బండి, దవాఖానలో చేరిన మనిషి ఒకటేనని ఆయన నమ్మకం. ఉన్న రోగానికి పోతే లేని రోగాలు నాలుగు బయటపడతాయి. పైగా లారీల కాలంలో ఆయనకు పని నేర్పిన ఉస్తాద్ ఒక చిట్కా చెప్పిపోయాడు. "రేడియేటర్ కారుతుంటే ఇంత పసుపు పొయ్యి. మనిషి గాయం మీద ఎయ్యమా? బండి గాయం గూడ గట్లనే మూస్కుంటది."

అది నిజమే. పసుపు నీళ్ళతో పాటు తిరిగి తిరిగి, బెజ్జం దగ్గర బయటికి పోబోయి, అక్కడే ఇరుక్కుని గట్టిపడుతుంది. దారిలో ఆగిపోయిన బండిని ఊరు చేర్చడానికి పనికొస్తుంది. ఊరు చేరాక ఏం చేయాలో మాత్రం ఉస్తాద్ చెప్పలేదు. లేదా చెప్పినా లింగమూర్తి అప్పటికి లేచి వెళ్ళిపోయి ఉంటాడు.

ఇక పసుపు సంగతి. ఆయన వంటింట్లో పై అరలో ఒక స్టీలు డబ్బా ఉంది. అందులో ఉన్నది దుకాణం పసుపు కాదు. ఆర్మూరు దగ్గర ఆయన భార్య సీతాబాయి తమ్ముడు పండించిన పసుపు. కొమ్ములు ఉడకబెట్టి, ఎండబెట్టి, గిర్నీలో పొడి పట్టించి, బట్టలో మూటకట్టి తమ్ముడే తెచ్చిచ్చి వెళ్తాడు. మూత తీస్తే చాలు, ఇల్లంతా తడి మట్టిలాంటి, నారింజ తొక్కలాంటి ఒక వాసన. రోజువారీ కూరల్లోకి సీతాబాయి అది వాడదు. గడపకు, దేవుడికి, తర్వాత తొక్కుకు. అంతే.

తొక్కు అంటే మామూలు తొక్కు కాదు. పక్క వాటాలో ఉండే అనసూయమ్మది తెనాలి వైపు. భర్త పోయాక ఇక్కడికి వచ్చి, ఆఫీసుల వాళ్ళకు మధ్యాహ్న భోజనాలు వండి పంపుతూ బతుకుతోంది. ప్రతి వేసవిలో ఆ ఇద్దరు ఆడవాళ్ళూ డాబా మీద రెండు జాడీలు పెట్టుకుని కూర్చుంటారు. ఒక జాడీలో సీతాబాయి అల్లం వెల్లుల్లి దంచి వేసే మామిడికాయ తొక్కు, ఇంకో జాడీలో అనసూయమ్మ ఆవపిండి కలిపే ఆవకాయ. పసుపు ఈమెది, ఆవపిండి ఆమెది, కత్తిపీట ఇద్దరిదీ. కాయలు కొట్టడం లింగమూర్తి వంతు. "అల్లం వేస్తే అది పచ్చడి కాదు వదినగారూ, మందు" అని ఆవిడ అంటే, "ఆవపిండి తిని మీరెట్ల బతుకుతున్నరో" అని ఈవిడ అంటుంది. చివరికి సగం సగం మార్చుకుని, ఏడాదంతా ఎదుటివాళ్ళదే ఎక్కువ తింటారు.

అటువంటి డబ్బాలోంచి లింగమూర్తి మొదట ఒక చెంచా పసుపు తీశాడు. కారు కింద మరక పోయింది. ఉస్తాద్‌కు మనసులోనే దండం పెట్టుకున్నాడు. ఎండలు ముదిరాయి, మరక మళ్ళీ వచ్చింది. ఈసారి రెండు చెంచాలు. తర్వాత చెంచాతో పని కాక గుప్పెడు. పైనుంచి బోరు నీళ్ళు నింపి, మూత బిగించి, చేతులు లుంగీకి తుడుచుకుని, సీతాబాయి లేచేలోపు ఏమీ ఎరగనట్టు వరండాలో కూర్చునేవాడు. లుంగీ పసుపు రంగుది కావడం ఆయన అదృష్టం.

ఒక రాత్రి జొన్నరొట్టె తింటుండగా వంటింట్లోంచి గొంతు వినిపించింది.

"ఓ అయ్యా, గీ పసుపు డబ్బ ఎవరన్న ముట్టుకున్నరా?"

లింగమూర్తి పెద్ద ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నోరు నిండుగా ఉన్నవాణ్ణి ఎవరూ జవాబు అడగరని ఆయన అనుభవం.

"నిన్నే. సగానికి దిగింది."

"ఎలుకలేమో."

"ఎలుకలు పసుపు తింటయా?"

"ఇప్పటి ఎలుకలను నమ్మరాదు సీతా."

"తిని, మల్ల మూత పెట్టిపోయినయా?"

ఆయన ఇంకో ముక్క తుంచాడు. సీతాబాయి డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడి, మెల్లగా, తనలో తాను అనుకున్నట్టు అంది. "మనింటి తాళంచెవి ఇంకొకలకాడ గూడ ఉన్నది."

ఇంకొకరంటే అనసూయమ్మే. సీతాబాయికి రాయదుర్గంలో ఒక ఐటీ భవనంలో హౌస్‌కీపింగ్ పని. మధ్యాహ్నం వెళ్తే రాత్రికి గానీ రాదు. ఆయన రోడ్ల మీద. గ్యాస్ బండ వచ్చినా, వానకు కిటికీ వేయాలన్నా అనసూయమ్మే తలుపు తీసి చూసేది. లింగమూర్తి నోరు తెరవాల్సిన క్షణం అదే. ఆయన తెరిచాడు కూడా. తెరిచి, చెంబెడు నీళ్ళు తాగి, మూసేశాడు.

మర్నాడు సీతాబాయి పక్క వాటాకు వెళ్ళింది. "వదినా, మా తాళంచెవి యాడనో పోయింది. నీ దగ్గరున్నది జర ఇయ్యవా?"

"అయ్యో, దానికేవుందండి" అని అనసూయమ్మ వెంటనే తెచ్చిచ్చింది. ఇచ్చాక ఆవిడ చూపు సీతాబాయి నడుము దగ్గరికి వెళ్ళింది. పోయిందన్న తాళంచెవి అక్కడే, గుత్తిలో వేలాడుతోంది. ఆవిడ చూపు తిప్పుకుంది. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఆ రోజునుంచి పొద్దుటి టీ ఆగిపోయింది. రెండు వాటాలకూ కలిసి ఉన్న వరండాలో ముగ్గురూ కూర్చుని తాగే అల్లం టీ అది. అనసూయమ్మ కాచేది, సీతాబాయి గ్లాసులు కడిగేది, లింగమూర్తి తాగేవాడు. ఇప్పుడు ఒక తలుపు తెరుచుకుంటే ఇంకో తలుపు మూసుకుంటోంది. బట్టలు ఆరేసుకోవడానికి కూడా వేళలు చూసుకుంటున్నారు. ఉదయం వరండాలో ఒక్కడే కూర్చుంటే లింగమూర్తికి ఆ ఖాళీ కుర్చీలు తనవైపే చూస్తున్నట్టు అనిపించేది.

చెప్పేద్దామని రోజూ అనుకునేవాడు. కానీ రోజు గడిచేకొద్దీ చెప్పాల్సింది పెరుగుతోంది. మొదట్లో పసుపు తీశానని చెబితే సరిపోయేది. ఇప్పుడు, నువ్వు ఆమెను అనుమానిస్తుంటే చూస్తూ ఊరుకున్నానని కూడా చెప్పాలి. అందుకని ఆయన తెలివైన పని ఒకటి చేశాడు. కిరాణా కొట్లో పసుపు ప్యాకెట్లు కొని తెచ్చి, డబ్బా మునుపటంత నింపి, కలిపి, మూత పెట్టి, గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

సీతాబాయి మూత తీసి ఊపిరి పీల్చింది.

"అయ్యా! ఇటు రా! ఇది నా పసుపు గాదు."

"నిండుగనే ఉన్నది గదనే. నువ్వే సరిగ చూడలేదేమో అప్పుడు."

"నా పసుపు తీస్కపోయింది చాలక, దాన్ల దుకాణం పసుపు కలిపిపోయింది! నాకు వాసన తెల్వదనుకున్నదా? తాళంచెవి ఇచ్చే ముందే ఇంకోటి చేయించి పెట్టుకున్నట్టున్నది." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అడుగుతే డబ్బ డబ్బే ఇయ్యనా నేను? గన్నేండ్ల సంది కలిసున్నం. అడగొచ్చు గద అయ్యా?"

లింగమూర్తి తల వంచుకున్నాడు. దొంగతనానికి కల్తీ కూడా తోడై అనసూయమ్మ నెత్తిన పడింది. పెట్టింది తన చేత్తోనే.

"ఈ ఏడు తొక్కు పెడ్త లేను" అంది సీతాబాయి. "ఎవరితోని పెట్టాలె?"

ఆ మాట ఆయనకు అన్నం దగ్గర ప్రతిరోజూ గుర్తొస్తూనే ఉంది.

మే నెల నడిమధ్యకు వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం సీతాబాయిని పనికి దింపడానికి ఆయన కారు తాళం తీసుకుంటుంటే, అనసూయమ్మ వరండాలో కనిపించింది. పక్కన మూతపెట్టిన పెద్ద గిన్నె, రెండు క్యారియర్లు. ముఖం నిండా చెమట.

"అన్నయ్యగారూ, రాయదుర్గం వైపేనా? మా ఆటో అబ్బాయి రాలేదండి. ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజట, అందరూ భోజనానికి ఎదురుచూస్తుంటారు. మీకు ఇబ్బంది లేకపోతే..."

సీతాబాయి గోడ మీది క్యాలెండర్‌ను శ్రద్ధగా చూస్తోంది. లింగమూర్తికి దేవుడు దారి చూపించినట్టయింది. "ఇబ్బందేంది చెల్లె, ఎక్కు" అని గిన్నె తానే మోశాడు.

వెనక సీట్లో ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. మధ్యలో పులిహోర గిన్నె. ఏసీ గట్టిగా పెట్టి కారు బయల్దేరదీశాడు. రోడ్డు మీద ఎండ పెనం మీద నూనెలా మెరుస్తోంది. సెంట్రల్ యూనివర్సిటీ గేటు దాటాక అనసూయమ్మ నోరు తెరిచింది.

"అన్నయ్యగారూ, ఏసీ కొంచెం ఇటు తిప్పమంటారా?"

"అటు తిప్పితే నాకు రాదని చెప్పయ్యా."

"పోనీ వద్దులెండి. వదినగారికే రానివ్వండి."

"నాకేం అక్కరలేదని చెప్పు. నాకు ఎండ అలవాటే."

లింగమూర్తి అద్దంలో ఇద్దరినీ చూసి, ముల్లు వైపు చూశాడు. సగం దాటింది. గచ్చిబౌలి దగ్గర బండ్లు ముందు బంపరు వెనక బంపరుగా నిలిచిపోయి ఉన్నాయి. కదలని బండికి ఎదురుగాలి లేదు. ముల్లు ఎర్ర గీత వైపు ఎక్కుతోంది. ఆయన నిశ్శబ్దంగా ఏసీ ఆపాడు. ఇంకొంచెం ఆగి, గుండె దిటవు చేసుకుని, హీటర్ పూర్తిగా తిప్పాడు. ఇంజన్ వేడిని కొంతైనా బయటికి లాగాలంటే అదే దారి. బయటికి అంటే, కారులో కూర్చున్నవాళ్ళ మీదికి.

"ఏందయ్యా ఇది!" "ఏవిటండీ ఇది!" రెండు గొంతులూ ఒక్కసారే లేచాయి.

"హీటర్. ఇంజన్ చల్లబడాలె. అద్దాలు దించుకోండ్రి, జర ఓర్చుకోండ్రి."

"మే నెలల హీటర్ పెట్టినోణ్ణి నిన్నే జూసిన!"

"పులిహోర మళ్ళీ ఉడుకుతుందండి అన్నయ్యగారూ!"

ఇన్నాళ్ళకు ఇద్దరూ ఒక మాట మీద నిలబడ్డారని ఆయనకు లోలోపల సంతోషం కూడా కలిగింది. అది ఎంతోసేపు నిలవలేదు. హీటర్ గాలితో పాటు ఒక వాసన కూడా వచ్చింది. తడి మట్టి, నారింజ తొక్క. సీతాబాయి ముక్కుపుటాలు అదిరాయి. ఆమె గిన్నె వైపు తిరిగింది. ఈసారి భర్తను మధ్యలో పెట్టలేదు.

"ఇది నా పసుపు వాసన."

అనసూయమ్మకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం తెల్లబోయింది.

"అందుకాండి వదినగారూ, తాళంచెవి తీసుకున్నారు?"

సీతాబాయి కిటికీ వైపు తిరిగింది.

అనసూయమ్మ గిన్నె మూత తీసింది. "చూడండి. ప్యాకెట్ పసుపండి ఇది. రంగే రాలేదు, చూడండి ఎలా పాలిపోయి ఉందో. మీ పసుపు కొంచెం అడుగుదామని మీ గుమ్మం దాకా వచ్చానండి. అడగటానికి నోరు రాక వెనక్కి వెళ్ళిపోయాను. వాసన చూడండి వదినగారూ. మీకు తెలీదా మీ పసుపు?"

సీతాబాయి వంగి వాసన చూసింది. నిజమే. గిన్నెలో ఉన్నది దుకాణం పసుపే. "మరి ఆ వాసన యాడికెళ్ళి వస్తున్నది?" అని గొణిగింది.

జవాబు కారే చెప్పింది. బానెట్ సందుల్లోంచి తెల్లగా ఆవిరి లేచింది. లింగమూర్తి ఎలాగో బండిని పక్కకు లాగి ఫ్లైఓవర్ నీడలోకి చేర్చి ఇంజన్ ఆపాడు. సీతాబాయి దిగి, ఒక స్తంభం చాటుకు పోయి, కొంగు తలమీద కప్పుకుని అటు తిరిగి నిలబడింది. అనసూయమ్మ గిన్నెమీద మూత సరిచేస్తూ కారులోనే ఉండిపోయింది.

వేడిగా ఉన్న రేడియేటర్ మూత తీయకూడదని పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. లింగమూర్తికి ఇంకా బాగా తెలుసు. కానీ వెనక పులిహోరకు వేళ మించిపోతోంది, స్తంభం దగ్గర సీతాబాయి భుజాలు కదులుతున్నాయి, కారులో అనసూయమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. బానెట్ ముందు ఊరికే నిలబడటం ఆయన వల్ల కాలేదు. కాసేపు ఆగాననిపించుకుని, తువ్వాలు చుట్టి, ముఖం పక్కకు పెట్టి, మూత సగం తిప్పి, వెనక్కి దూకాడు.

దూకాడు కాబట్టి వేలు చురుక్కుమనడంతో సరిపోయింది. బుస్సుమని పైకి లేచిన నీళ్ళు బానెట్‌కు కొట్టుకుని, వేడి తగ్గి ఆయన మీద జల్లుగా పడ్డాయి. తెల్ల చొక్కా కాలరు నుంచి బొడ్డు దాకా పసుప్పచ్చన. చెవులు పచ్చన. నిజం చెప్పడానికని వదిలేసిన మీసం అన్నిటికంటే పచ్చన. మంగళస్నానానికి పీట మీద కూర్చోబెట్టిన పెళ్ళికొడుకులా ఫ్లైఓవర్ కింద నిలబడ్డాడు. ఆగి ఉన్న బండ్లలోంచి ఎవరో ఫోను బయటికి పెట్టి ఫోటో కూడా తీశారు.

చప్పుడుకు అనసూయమ్మ నీళ్ళ సీసాతో పరుగెత్తుకొచ్చింది. ఆయన్ను చూసింది. ఊపిరి పీల్చింది. ఇంజన్ మీద పేరుకున్న పచ్చటి ముద్దను చూసింది. ఇక ఆవిడకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

లింగమూర్తి తిట్టు కోసం ఎదురుచూశాడు. ఆవిడ సీసా మూత తీసి ఆయన వేలిమీద నీళ్ళు పోసింది.

"ముందు ముఖం కడుక్కోండి అన్నయ్యగారూ. నేను చెప్పనులెండి."

"చెల్లె..."

"ఊరుకోండి. నా మీద పడ్డ మాట ఎలాగూ పడింది. ఇప్పుడు మీ ఇద్దరికీ ఎందుకు?"

స్తంభం దగ్గరనుంచి సీతాబాయి అరిచింది. "ఏందది పచ్చగ? ఏమైంది ఆయనకు?"

"ఏం లేదండి వదినగారూ!" అనసూయమ్మ ఆయనకు అడ్డంగా జరిగి నిలబడింది. "కూలెంటండి! పచ్చగానే ఉంటుందట!"

అంతటితో అయిపోయేది. సీతాబాయి నమ్మేది కూడా. ఇంజన్‌ను చల్లబరిచే ఆ కూలెంట్ రంగు ఏదైనా కావచ్చు, ఆమెకేం తెలుసు. రేపు మధుసూదన్ షెడ్డులో అన్నీ కడిగేస్తే రుజువు ఉండదు. లింగమూర్తి బతుకు సుఖంగా గడిచిపోతుంది. తనకు అడ్డంగా నిలబడ్డ ఆవిడ వీపు మీద చెమటతో తడిసిన రవికను చూశాడు. ఈమెను దొంగను చేసి, ఈమె చాటునే దాక్కుంటున్నాను కదా అనుకున్నాడు.

"సీతా, జర ఇటు రా" అన్నాడు.

సీతాబాయి వచ్చింది.

"కూలెంట్ గాదు. నీ పసుపే. రేడియేటర్ కారుతుంటే పోసిన. డబ్బ నేనే తీసిన. దుకాణం పసుపు నేనే కలిపిన. చెల్లెకేం తెల్వదు. ఆమె నా కోసం అబద్ధమాడుతున్నది."

సీతాబాయి ఆయన చొక్కాను చూసింది. వేలితో మీసాన్ని ముట్టుకుని ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత ఆయన కళ్ళలోకి చూసింది. ఆ చూపుకంటే లింగమూర్తికి ఎర్ర గీతే నయమనిపించింది.

"ఎలుకలన్నవ్ గద" అంది చివరికి.

"అన్న."

"ఎలుకకు మీసాలు గూడ ఉన్నయ్."

అనసూయమ్మ పెదవులు బిగపట్టుకుంది. ఆగలేదు. ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు కారాయి. సీతాబాయి ఆవిడ వైపు తిరిగింది. క్షమించమని అడగడం ఆమెకు అలవాటు లేని పని. నడుముకున్న గుత్తి లాగి అందులోంచి తాళంచెవి తీయడం మొదలుపెట్టింది. రింగు బిగుసుకుపోయింది. గోరు పెట్టి లాగింది. రాలేదు. పళ్ళతో లాగబోయింది.

"ఉండనివ్వండి వదినగారూ, ఇంటికెళ్ళాక ఇద్దురుగాని."

"లే. ఇప్పుడే."

"గోరు విరుగుతుందండి. ఇటివ్వండి, నేను పట్టుకుంటాను."

రింగును ఒకరు ఇటు, ఒకరు అటు లాగారు. రెండు జతల చేతులు, ఒక చేతికి పులిహోర నూనె, ఒక చేతికి మీసం పసుపు. తాళంచెవి టప్పున ఊడి రోడ్డు మీద పడింది. ఇద్దరూ ఒకేసారి వంగారు. లేచేటప్పుడు సీతాబాయి ఆవిడ చేతిని వదల్లేదు.

"నన్ను ఒక్కమాట అడగపోతివి వదినా, తాళంచెవి ఎందుకు తీస్కుంటున్నవని."

"మీరు నన్ను ఒక్కమాట అడగాల్సిందండి, పసుపు తీశావా అని."

ఆ లెక్క అక్కడికి సరిపోయింది. ఇక పులిహోర. లింగమూర్తి పచ్చచొక్కాతో రోడ్డు మధ్యకు వెళ్ళి చేతులూపాడు. ఆ అవతారానికి జడిసి మొదటి ఆటోనే ఆగింది. గిన్నెను సీతాబాయి తన ఒళ్ళో పెట్టుకుంది, క్యారియర్లను అనసూయమ్మ పట్టుకుంది. ఆటో కదిలాక సీతాబాయి తల బయటికి పెట్టి అరిచింది.

"మూత ముట్టకు! చల్లారేదాక ముట్టకు! వింటున్నవా?"

ఆయన ముట్టలేదు. మధుసూదన్ వచ్చి తాడు కట్టి లాక్కుపోయేదాకా నీడలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. షెడ్డులో రేడియేటర్ ఊడదీసి వంచితే గడ్డలు గడ్డలుగా పసుపు జారింది.

"ఇది రేడియేటరా, పప్పుచారు గిన్నెనా అన్నా?" అన్నాడు మధుసూదన్. "బెజ్జం మూసినవ్ సరే. బెజ్జం పక్కన మంచిగున్న గొట్టాలను గూడ మూసినవ్ గద. నీళ్ళు యాడికెళ్ళి తిరగాలె? పైనుంచి బోరు నీళ్ళు. సున్నం గట్టింది లోపల."

"తప్పయింది గని, ఇగ చెయ్యి."

"రెండు దినాలు పడ్తది."

"నాలుగు తీస్కో" అన్నాడు లింగమూర్తి. మధుసూదన్ ఆయన నుదురు పట్టి చూశాడు, జ్వరమేమోనని.

కొత్త రేడియేటర్ వేశారు. పెళుసుబారిన రబ్బరు గొట్టాలు మార్చారు. లోపలంతా, పోసిన నీళ్ళు అంతే తేటగా బయటికొచ్చేదాకా కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ నింపారు. దాని రంగు గులాబీ. ఆ రంగు చూసి లింగమూర్తికి సిగ్గు మళ్ళీ ఒకసారి తాజాగా వచ్చింది. అంతకాలం భయపడ్డ ఆ రెండు దినాలూ ఆయన వరండాలో కూర్చుని వెల్లుల్లి పొట్టు తీశాడు. రెండు జాడీలకు సరిపడా.

ఎందుకంటే తొక్కు పెట్టారు. కాస్త ఆలస్యంగా, కాయలు పండబోతుండగా. ఆర్మూరు తమ్ముడికి ఫోను చేసి ఇంకో మూట తెప్పించారు. ఆ మూట డాబా ఎక్కేటప్పుడు, "అన్నయ్యగార్ని కొంచెం దూరంగా కూర్చోబెట్టండి వదినగారూ" అంది అనసూయమ్మ. "దూరం గాదు, చేతులు కడిగి చూపియ్యమను" అంది సీతాబాయి. ఆయన కత్తిపీట ముందు కూర్చుని కాయలు కొడుతూ అన్నిటికీ తల ఊపాడు.

చివరన జాడీల మూతులకు కట్టడానికి గుడ్డలు కావలసి వచ్చాయి. సీతాబాయి లోపలికి వెళ్ళి ఆ చొక్కా తెచ్చింది. ఎన్నిసార్లు ఉతికినా మరక పోలేదు. "ఇట్లనన్న పనికి రాని" అని ఆయన ముందే పర్రున చింపింది. వీపు ముక్క తన జాడీకి కట్టుకుంది. ముందు ముక్క, జేబుతో సహా, అనసూయమ్మ జాడీకి వచ్చింది.

ఇప్పుడు పొద్దున్నే లింగమూర్తి కిందికి దిగి, ఇంజన్ చల్లగా ఉండగానే కూలెంట్ గీత దాకా ఉందో లేదో చూసి, పైకి వచ్చి కూర్చుంటాడు. "ఉన్నదా?" అని సీతాబాయి గ్లాసులు కడుగుతూ అడుగుతుంది. "ఉన్నది" అంటాడు. పక్క వాటా తలుపు తెరిచే ఉంటుంది. అల్లం టీ వాసన వస్తుంటుంది. లోపల అలమారలో అనసూయమ్మ ఆవకాయ జాడీ మీద పసుపు మరకల గుడ్డ, ఆ గుడ్డకు జేబు, ఆ జేబులో సీతాబాయి ఇంటి తాళంచెవి.

"ఎక్కడ పెట్టానో మర్చిపోకుండా ఉంటుందండి" అంటుంది ఆవిడ.

లింగమూర్తి టీ గ్లాసు మీది ఆవిరిని ఊదుకుంటూ వేరే వైపు చూస్తాడు.